నిచ్చెన పట్టని సీటు

సాయంత్రం ఆఫీసు కారు ఇంటి ముందు ఆగాక, అందులోంచి నిచ్చెన బయటపడేలోగా కత్తెరమ్మ టీ కాచి, వడగట్టి, గ్లాసులో పోసేసేది. ముందు డోరు తెరుచుకునేది. ఒక కాలు బయటికొచ్చి నేలను వెతుక్కునేది. ఆ తర్వాత కాసేపు ఏమీ జరిగేది కాదు. లోపల స్టీరింగు కింద ఇరుక్కుపోయిన రెండో మోకాలితో అతను రాజీ మాటలు మాట్లాడుకుంటున్నాడని చూసేవాళ్లే అర్థం చేసుకోవాలి. తర్వాత వంచిన తల, దాని వెనక ఒక భుజం, బాగా ఆలస్యంగా రెండో భుజం వచ్చేవి. చివరికి డోరు అంచు పట్టుకుని అతను లేచి నిలబడేసరికి కారు కూడా అమ్మయ్య అనుకున్నట్టు కాస్త పైకి లేచేది. ఎదురింటి పిల్లలు ఆ ముచ్చట చూడటానికి ఆట ఆపి మరీ వచ్చి మెట్ల మీద కూర్చునేవాళ్లు.

"నడుమెలా ఉంది?" అని గ్లాసు చేతికిస్తూ అడిగేది కత్తెరమ్మ.

"పర్వాలేదు," అనేవాడు.

ఆ మాట వింటే చాలు, ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కేది. పర్వాలేదట! కుర్చీలో కూలబడటానికి రెండు చేతులూ బల్లకు ఆనించుకునే మనిషి, రాత్రి పక్క మీద అటు తిరగాలన్నా ఇటు తిరగాలన్నా మంచం పట్టె పట్టుకుని మూలిగే మనిషి, పొద్దున చెప్పులు తొడుక్కోవడానికి గోడ సాయం అడిగే మనిషి, పర్వాలేదట. ఎవరికి పర్వాలేదో ఆమెకు ఇన్నేళ్లలో అంతు చిక్కలేదు.

నిచ్చెన, కత్తెరమ్మ అన్నవి అమ్మానాన్నలు పెట్టిన పేర్లు కావు. కార్లకు సీట్లు తయారుచేసే ఒక కంపెనీలో ఇద్దరూ పనిచేస్తున్నారు, ఆ పేర్లు అక్కడివాళ్లు పెట్టినవి. అతను ఆఫీసు కారు డ్రైవరు. ఆరడుగుల మగవాడు కూడా అతని పక్కన నిలబడితే తన చెప్పుల మడమల వంక అనుమానంగా చూసుకోవాల్సిందే. ఎత్తుకు తగ్గ లావు. ఆమె కవర్లు కుట్టే హాల్లో పనిచేస్తుంది. చేతిలో కత్తెర ఎంత చురుగ్గా ఆడుతుందో నోట్లో నాలుకా అంత చురుగ్గా ఆడుతుంది కాబట్టి ఆమెకు పేరు పెట్టడానికి ఎవరూ బుర్ర బద్దలు కొట్టుకోలేదు. ఇద్దరి అసలు పేర్లూ జీతాల రోజున తప్ప ఎవరికీ గుర్తు రావు.

ఒక మనిషి ఇంత పొడుగు పెరిగి ఇంత చిన్నగా బతకడం ఎలా నేర్చుకున్నాడా అని కత్తెరమ్మ చాలాసార్లు తల పట్టుకుంది. బళ్లో అతన్ని చివరి బెంచీలో కూర్చోబెట్టారు. వెనక ఎవరూ లేకపోయినా వంగే కూర్చునేవాడట, గోడకు అడ్డమని కాబోలు. సినిమాకు తీసుకెళితే టికెట్టు కొన్న సీట్లో కూర్చునేది సగం మనిషే. వెనక ఎవరైనా గొంతు సవరించుకుంటే చాలు, "సారీ అండీ" అంటూ కిందికి జారిపోయేవాడు. సినిమా అయిపోయేసరికి అతని వీపు సీటు మీద, మోకాళ్లు ముందు సీటువాడి వీపు మీద ఉండేవి. ముందు సీటువాడు తిరిగి చూస్తే వాడికీ ఒక సారీ. పెళ్లి ఫొటోలో అయితే ఫొటోగ్రాఫరు కాస్త కిందికి, ఇంకాస్త కిందికి అంటూ పోతే, ఈయన మోకాళ్లు వంచి అలాగే నిలబడ్డాడు. ఫొటోలో ఇద్దరూ ఈడూజోడుగా ఉంటారు. ఫొటో తీసేశాక కొత్త పెళ్లికొడుకు మోకాళ్లు పట్టుకుపోయి, ఇద్దరు మనుషులు చెరో రెక్కా పట్టుకుని లేపాల్సి వచ్చింది.

"చెప్పొచ్చుగా, నొప్పి పుడుతోందని," అంది కొత్త పెళ్లికూతురు. అతనితో ఆమె పలికిన మొదటి కోపపు మాట అదే.

"ఒక్క నిమిషమే కదా," అన్నాడతను.

ఆ ఒక్క నిమిషం పాతికేళ్లు సాగింది. కారు సంగతే తీసుకోండి. సీటు ఎంత వెనక్కి జరిపినా అతని మోకాళ్లు స్టీరింగుకు చెరోపక్కా నిలబడే ఉండేవి. కూర్చునే చోటు పొట్టిది, తొడలో సగం గాల్లో వేలాడేది. నడుముకు ఆసరాగా ఉండాల్సిన ఉబ్బు నడుముకు జానెడు కింద పొడిచేది. తల ఆనించుకునే దిండు రెండు భుజాల మధ్య గుచ్చుకునేది. కూడలిలో ఆగితే ఎర్రలైటు మారిందో లేదో చూడటానికి అద్దం కిందికి తల దించి, ఎవరికో దణ్ణం పెడుతున్నట్టు వంగాలి. వెనకవాడు హారన్ కొట్టాక గానీ పచ్చలైటు వెలిగిన సంగతి తెలిసేది కాదు.

ఒకసారి ఆమెకు జాలి పుట్టి, హాల్లో మిగిలిపోయిన మంచి ఫోము ముక్క అడిగి తెచ్చుకుని, చక్కని గుడ్డ చుట్టి, నాలుగంచులా దారం పోసి దిండు కుట్టిచ్చింది. సీటు మీద వేసుకోమంది. ఎలా ఉందని అడిగితే హాయిగా ఉందన్నాడు. ఆరు నెలల తర్వాత ఏదో పనిమీద అతనితో కారులో వెళ్లి, పక్కనుంచి చూసి నిర్ఘాంతపోయింది. దిండు ఎత్తుకు తల కప్పుకు తగిలి, మనిషి మెడ ఒక భుజం మీద వాల్చి నడుపుతున్నాడు.

"ఏవండీ! ఆరు నెలలుగా ఇలాగే నడుపుతున్నారా?"

"పక్కకి వాలిస్తే తగలదులే."

"ఆ దిండు తీసి అవతల పారెయ్యడానికి ఏం రోగం?"

"నువ్వు కష్టపడి కుట్టావు కదే," అన్నాడు అమాయకంగా. ఇలాంటి మనిషితో ఏమని పోట్లాడాలి? ఆమె ఆ దిండు లాక్కుని ఇంటికొచ్చేదాకా ఒళ్లో పెట్టుకుని గుద్దుతూనే ఉంది.

ఇదంతా చిరాకే, భయం కాదు. భయం పట్టుకుంది కిందటి చలికాలంలో. ఒక సాయంత్రం ఇద్దరూ పని ముగించుకుని వస్తున్నారు. సందు మలుపులో బడి గేటు ఉంది. పిల్లలు అప్పుడే బయటికి వస్తున్నారు. నిచ్చెన కారు నెమ్మది చేస్తున్నట్టే ఉంది గానీ కారు నెమ్మదించలేదు. ఆమె అతని వంక చూసింది. అతను తన కాలి వంక చూస్తున్నాడు, అది ఎవరిదో కాలు అన్నట్టు. ఆమె కేక పెట్టింది. అతను రెండో కాలితో తొక్కాడు, చేత్తో హ్యాండ్ బ్రేకు లాగాడు. కారు గేటు స్తంభానికి బెత్తెడు దూరంలో ఆగింది. పిల్లలు ఏమీ గమనించకుండా కారును చుట్టుకుని వెళ్లిపోయారు. ఒక పిల్ల మాత్రం బానెట్ మీద నీళ్ల సీసా పెట్టి బూటు లేసు కట్టుకుని పోయింది.

"పాదం మొద్దుబారింది," అన్నాడతను. " బ్రేకు మీద ఉందో లేదో తెలీలేదు."

"ఎన్నాళ్లుగా?"

అతను వంగి కాలు రుద్దుకోసాగాడు. ఎన్నాళ్లుగానో అని ఆమెకు అర్థమైపోయింది.

డాక్టరు కాలంతా సూదితో పొడిచి చూశాడు. తొడ కింద ఆసరా లేక, నడుము వంగి, నరం నలిగిపోతోందన్నాడు. సీటైనా మారాలి, ఉద్యోగమైనా మారాలి, ఇలాగే నడిపితే కాలు పూర్తిగా పోతుంది, దాంతోపాటు ఎవరి ప్రాణమైనా పోతుంది అన్నాడు. బయటికొచ్చాక నిచ్చెన మెట్ల మీదే ఆగి, ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"ఆఫీసులో చెప్పకు. డ్రైవింగు తప్ప నాకింకేం వచ్చు?"

చెప్పనని కత్తెరమ్మ మాటిచ్చేసింది. ఒకపక్క బడి గేటు, ఒకపక్క ఈ ముఖం. మింగలేక కక్కలేక ఆమె ఆ చలికాలమంతా గడిపింది. దూరం ప్రయాణాలకు వేరే డ్రైవరును పంపమని ఏవేవో సాకులు చెప్పించింది. మధ్యమధ్య కారు ఆపి దిగి నడుస్తానని ఒట్టు వేయించుకుంది. అతను నడిచేవాడో లేదో తెలీదు. అడిగితే వచ్చే జవాబు ఎలాగూ తెలుసు.

ఆ రోజుల్లోనే కంపెనీలో కొత్త సీటు పని మొదలైంది. ఒక చిన్న కారుకు డ్రైవరు సీటు చెయ్యాలి. కొత్తగా చేరిన ఇంజినీరమ్మకు ఆ బాధ్యత అప్పగించారు. బక్కపల్చని పిల్ల, పరుగులాంటి నడక, అందరినీ అక్కా, అన్నయ్యా అని పిలిచేది. హాలు చివర ఒక డొల్ల కారు నిలబెట్టించింది. దానికి చక్రాల్లేవు, డోర్లు లేవు, ఇంజను లేదు. నేల, పైకప్పు, ముందద్దం, స్టీరింగు, పెడళ్లు మాత్రం అసలు కారులో ఎంతెంత దూరంలో ఉంటాయో అంతంత దూరంలో ఉన్నాయి. అందులో సీటు బిగించి, పొట్టివాళ్లను, మధ్యరకం వాళ్లను, భారీ మనుషులను కూర్చోబెట్టి చూస్తారు. పొట్టివాళ్ల తరఫున క్యాంటీన్ అమ్మ, మధ్యరకానికి లెక్కల గుమాస్తా, భారీ మనుషుల తరఫున, ఇంకెవరు, నిచ్చెన. ఒక్కొక్కరూ చాలాసేపు కూర్చుని, ఎక్కడ ఇబ్బందిగా ఉంటే అక్కడ సీటు మీద ఎర్ర బిళ్ల అంటించాలి. ఆ సీటుతో కార్లు బయటికి రాగానే మొదటివి ఆఫీసుకే వస్తాయని, నిచ్చెన నడపబోయేది అదేనని అందరికీ తెలుసు.

ఇది విన్నప్పుడు కత్తెరమ్మకు ప్రాణం లేచొచ్చింది. దేవుడు ఇన్నాళ్లకు కళ్లు తెరిచాడనుకుంది. సీటు మారాలని డాక్టరు అన్నాడు. ఇదిగో సీటు, మార్చమని అడగడానికి కూర్చోబెట్టింది ఈయన్నే. ఇంతకన్నా ఏం కావాలి? ఆ ధైర్యంతోనే ఆమె ఆ విషయం మళ్లీ ఎత్తలేదు. అతను రోజూ వెళ్లి కూర్చుంటున్నాడు, అంతా చెబుతున్నాడు అనుకుంది. అలా అనుకోవడం ఆమె తెలివితక్కువతనమే. పాతికేళ్లు కాపురం చేసి కూడా!

ఒక మధ్యాహ్నం ఇంజినీరమ్మ కవర్ల హాల్లోకి పరిగెత్తినట్టు వచ్చింది. మొహం వెలిగిపోతోంది.

"అక్కా, సీటు అయిపోయినట్టే! ఎల్లుండి ఒక్కసారి చూసి అచ్చు పోసేస్తారు, ఇక మార్పులుండవు. క్యాంటీన్ అమ్మ అయితే సీటంతా బిళ్లలే అంటించింది, అవన్నీ సరిచేశాం. గుమాస్తాగారివి రెండు. మీ ఆయనవి ఒక్కటి కూడా లేదు!"

"ఏంటి లేదు?"

"బిళ్ల. అంత పెద్దమనిషికే ఇబ్బంది లేకపోతే ఇంకెవరికి ఉంటుంది అక్కా? అన్నయ్య తల పైన కూడా బోలెడు ఖాళీ మిగిలింది."

కత్తెరమ్మ చేతిలో రెగ్జిను ముక్క అడ్డంగా తెగిపోయింది. ఆమె వృత్తిలోకి వచ్చాక అలా ఒక ముక్క పాడుచెయ్యడం అదే మొదలు.

ఆ సాయంత్రం ఇంట్లో గిన్నెలన్నీ మాట్లాడాయి. నిచ్చెన గుమ్మం కింద తల దించి లోపలికి వచ్చేసరికే ఆమె నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది.

"ఒక్క బిళ్ల కూడా అంటించలేదట! మొద్దుబారే పాదం ఎవరిది, పక్కింటాయనదా? ఆ పిల్ల అడిగింది కదా ఎలా ఉందని?"

"అడిగింది."

"ఏం చెప్పారు?"

అతను నోరు తెరవబోయి ఆమె ముఖం చూసి మూసుకున్నాడు.

"చెప్పకండి, నాకు తెలుసు! ఆ ముక్క గనక మళ్లీ వినబడిందో, ఈ గరిటె విరిగేదాకా ఊరుకోను. ఎందుకు చెప్పలేదు? అదైనా చెప్పండి. పిల్ల మనసు నొచ్చుకుంటుందనా?"

అతను మంచం అంచున కూర్చున్నాడు. మోకాళ్ల మధ్య చేతులు పెట్టుకుని, నేల వంక చూస్తూ, బళ్లో తప్పు చేసి దొరికిపోయిన పిల్లవాడిలా గొణిగాడు.

"పరీక్ష నాకనుకున్నానే."

"ఏమిటీ?"

"కొత్త కారు చిన్నది. అందులో నేను పడతానో పట్టనో చూస్తున్నారనుకున్నా. పట్టకపోతే పొట్టివాణ్ణి ఎవణ్ణో పెట్టుకుంటారు కదా. అందుకని వీలైనంత సర్దుకుని కూర్చున్నా."

కత్తెరమ్మ గరిటె దించింది. నవ్వాలో నెత్తీనోరూ కొట్టుకోవాలో తెలియలేదు. సీటుకు పరీక్ష పెడితే ఈయన తను పాసయ్యాడు! ఊపిరి బిగబట్టి, మోకాళ్లు ముడిచి, మెడ కుదించి, ఎవరూ వంక పెట్టలేనంత బాగా పాసయ్యాడు. ఆ సీటు చేస్తున్నది అసలు ఎక్కడా లేని మనిషి కోసం. ఈ భూమ్మీద ఉన్న పొడుగువాళ్లూ లావువాళ్లూ అందరూ దాంట్లో ఈయనలాగే మడతలు పడి కూర్చోవాలన్నమాట.

"వాళ్లు చూసింది మిమ్మల్ని కాదండీ, సీటుని," అంది చివరికి, గొంతు తగ్గించి.

"ఇప్పుడు అర్థమైంది," అన్నాడు. "కానీ పట్టనని చెబితే మాత్రం, నా ఒక్కడి కోసం సీటు మారుస్తారంటావా? డ్రైవర్నే మారుస్తారు. అది తేలిక కదా."

 అది నిజమని ఒప్పుకోవడం ఇష్టం లేక ఆమె వంట చల్లారిపోతోందని కసిరింది.

మర్నాడు ఆమె ఇంజినీరమ్మతో ఒక్క మాటే చెప్పింది, మళ్లీ ఒకసారి కూర్చోబెట్టి చూడమ్మా, నేనూ పక్కన ఉంటాను అని. పాదం సంగతి చెప్పలేదు. చెప్పనని మాటిచ్చింది కదా. ఆ పిల్ల సరేనంది.

ఇంజినీరమ్మ చెప్పిన ఎల్లుండి రానే వచ్చింది. అచ్చు పోసేవాళ్లు మధ్యాహ్నం వస్తారు. పొద్దున్నే డొల్ల కారు చుట్టూ ముగ్గురే ఉన్నారు. నిచ్చెన లోపలికి వెళ్లి కూర్చున్నాడు. ఇంజినీరమ్మ బిళ్లల కాగితం పట్టుకుని అడిగింది.

"అన్నయ్యా, మొహమాటం లేకుండా చెప్పండి. ఎలా ఉంది?"

"పర్వాలేదమ్మా."

"అయ్యో రామా!" అని కత్తెరమ్మ ఆ డొల్ల పైకప్పు మీద అరచేత్తో ఒక్కటి చరిచింది. లోపల నిచ్చెన ఉలిక్కిపడ్డాడు. "ఈయనని అడిగి లాభం లేదమ్మా, గోడను అడిగితే నయం. తిన్నగా కూర్చోమను. ముందు తిన్నగా కూర్చోమని చెప్పు."

"తిన్నగానే కూర్చున్నా కదే," అన్నాడతను.

నిజంగానే అన్నాడు. అబద్ధం కాదు. అది చూసి ఇంజినీరమ్మ మొహంలో రంగు మారింది. వంగి పక్కనుంచి చూసింది. వీపు పైభాగం సీటుకు దూరంగా విల్లులా వంగి ఉంది. తల ముందుకొచ్చి ఉంది. తల పైన బోలెడు ఖాళీ, ఆవిడ లెక్క వేసుకున్న ఖాళీ, అది కారుది కాదు. అతను వదులుకున్నది. పాతికేళ్లుగా, అంతకుముందు బళ్లో చివరి బెంచీ నుంచి, వదులుకుంటూ వచ్చినది.

"అన్నయ్యా, మీ వీపు మొత్తం సీటుకు ఆనించండి. తల పైకప్పుకు తగిలినా పర్లేదు."

అతను ప్రయత్నించాడు. ఎలా చెయ్యాలో తెలియనట్టు భుజాలు పైకెత్తాడు, దించాడు. కత్తెరమ్మ ఇక ఆగలేక అవతలి పక్కనుంచి డొల్లలోకి దూరి, ఒక చెయ్యి అతని రొమ్ము మీద, ఒక చెయ్యి నడుము వెనకా పెట్టి మెల్లగా నెట్టింది. ఒకచోట ఏదో కటుక్కుమంది. అతను పైకి లేవసాగాడు. లేస్తూనే ఉన్నాడు. తల కప్పుకు ఆనింది, ఇంకా మెడలో వంపు మిగిలే ఉంది. మోకాళ్లు స్టీరింగును పైకి ఎత్తుతున్నాయి. ఈయన ఇంత మనిషా అని ఆమెకే ఆశ్చర్యం వేసింది. పెళ్లాడిన మనిషిని ఇన్నాళ్లూ పూర్తిగా చూడనేలేదన్న కోపం వచ్చింది, ఎవరి మీదో తెలియలేదు.

"ఇప్పుడు చెప్పండి," అంది ఇంజినీరమ్మ, చాలా మెల్లగా.

 అతను గొంతు సవరించుకుని, "తల తగులుతోందమ్మా," అన్నాడు. ఆ పిల్ల కప్పుకు ఒక ఎర్ర బిళ్ల అంటించింది.

"తొడ కింద ఏమీ లేదు. గాల్లో ఉంది." ఒక బిళ్ల.

"ఈ పక్కన ఉబ్బెత్తుగా కుట్టారు చూశావూ, అది తుంటిని నొక్కేస్తోంది. రెండుపక్కలా. నడుముకు పెట్టింది నడుముకు లేదు. స్టీరింగు మోకాలికి అడ్డం. క్లచ్చు తొక్కాలంటే కాలు పక్కనుంచి తిప్పి తేవాలి. కూడలిలో లైటు కనబడదు." మాట వెంట మాట వస్తోంది. ఇంజినీరమ్మ బిళ్లలు ఊడదీసి అంటించలేక, కత్తెరమ్మకు సగం కాగితం చింపి ఇచ్చింది. ఇద్దరూ అంటిస్తూనే ఉన్నారు. కత్తెరమ్మకు లోపల పండగలా ఉంది. చెప్పండి, ఇంకా చెప్పండి అని మనసులో తొందరపెడుతోంది. ఇన్నాళ్లూ ఈ నోరు ఎక్కడ దాచాడు ఈ మహానుభావుడు!

"ఇంకా?"

"పాదం మొద్దుబారుతుందమ్మా. బ్రేకు మీద ఉందో లేదో తెలియదు. కిందటి చలికాలం బడి దగ్గర కారు ఆగలేదు."

కత్తెరమ్మ చేతిలో బిళ్ల చేతిలోనే ఉండిపోయింది.

ఇంజినీరమ్మ నెమ్మదిగా నిటారుగా నిలబడింది. "అన్నయ్యా, ఇప్పటికీ నడుపుతున్నారా?"

"ఆ ముక్క వదిలెయ్యమ్మా," అని అందుకుంది కత్తెరమ్మ గబగబా. "అదేదో ఎప్పుడో ఒకసారి. ఆయనకేం కాలేదు. సీటు సంగతి చూడు, సీటు బాగుంటే పాదం అదే బాగవుతుంది. పర్వాలేదు."

తన నోట్లోంచి వచ్చిన ఆ మాట ఆమెకే వినబడి, నాలుక కొరుక్కుంది.

"వదిలెయ్యకమ్మా," అన్నాడు నిచ్చెన లోపలినుంచి. "తొడ కింద ఆసరా లేకపోతే జరిగేది అదే. అది చెప్పకపోతే మిగతావన్నీ ఉత్త మారాం అనుకుంటారు. మేనేజరుగారికి కూడా చెప్పు. లేదా నేనే చెబుతా."

చెప్పనే చెప్పాడు. అచ్చు పోసేవాళ్లను ఎందుకు ఆపారో కనుక్కుందామని మేనేజరు వచ్చినప్పుడు, డొల్లలోంచి దిగి, ఆయన ఎదురుగా నిలబడి అంతా చెప్పాడు. మేనేజరు చెడ్డవాడు కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే కత్తెరమ్మ నాలుగు దులిపేసేది. ఆయన శ్రద్ధగా విని, సీటుకు ఇంకా గడువు అడుగుతానని ఇంజినీరమ్మకు చెప్పి, నిచ్చెన వైపు తిరిగి, ఇబ్బందిగా చెయ్యి చాచాడు.

"తాళాలు ఇచ్చెయ్యి. ఇంత తెలిశాక నిన్ను నడపనివ్వడం నావల్ల కాదు. నీకు స్టోర్సులో ఏదైనా పని చూస్తాను. డాక్టరు సరేనంటే అప్పుడు చూద్దాం. కొత్త కార్లకు మాత్రం వేరే డ్రైవర్ని వెతుక్కోవాలి, ఏమనుకోకు."

నిచ్చెన జేబులోంచి తాళాలు తీసి ఇచ్చాడు. మేనేజరు వెళ్లిపోయాడు. హాల్లో మిషన్లు ఎప్పటిలాగే టకటకలాడుతున్నాయి.

కత్తెరమ్మకు దుఃఖం ముందు కోపంగానే వచ్చింది. ఆమెకు ఏదైనా అలాగే వస్తుంది. "తీరిందా? పాతికేళ్లు చెప్పమని ప్రాణం తీస్తే చెప్పరు. చెప్పకూడని చోట మాత్రం ఉన్నదంతా కక్కేస్తారు. ఇంతకన్నా మంచి రోజు దొరకలేదా మీకు నోరు తెరవడానికి?" అంటూనే ఉంది, కళ్లలోంచి నీళ్లు కారుతూనే ఉన్నాయి. చెప్పమన్నది తనే. ఆ సంగతి అతను గుర్తుచేస్తే బాగుండుననుకుంది, కనీసం పోట్లాడటానికైనా. అతను గుర్తుచేయలేదు.

ఇంజినీరమ్మ కళ్లు తుడుచుకుంటూ, "ఇవాళ్టికి చాలు అన్నయ్యా, ఇంటికి వెళ్లండి," అంది.

"అయిపోలేదమ్మా. బెల్టు మాట చెప్పనేలేదు." అతను కప్పు అంచు పట్టుకుని మళ్లీ ఆ డొల్లలోకి దిగాడు. వంగలేదు. నెమ్మదిగా, నొప్పితో మొహం చిట్లించుకుని, వీపంతా సీటుకు ఆనించి, తల కప్పుకు తగిలేదాకా కూర్చున్నాడు.

"మీకేమైనా మతిపోయిందా?" అంది కత్తెరమ్మ. "ఇంకా ఎందుకు? ఆ సీట్లో ఇంక మీరు కూర్చోరు కదా!"

"నేను కాకపోతే నాలాంటివాడు ఇంకోడు కూర్చుంటాడు. వాడి పెళ్లాం కూడా నీలాగే అరుస్తుంటే వాడు వేగొద్దూ?"

 అతను బెల్టు లాగి పెట్టుకున్నాడు. అది మెడను ఎక్కడ కోస్తోందో ఇంజినీరమ్మకు వేలితో చూపించడం మొదలుపెట్టాడు.